ఒక్క రాత్రి కావలి

షాద్‌నగర్ నుంచి చౌదరిగూడెం పోయే తొవ్వలో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక రైతు మూడెకరాలలో, బోరు కింద, యాసంగి మక్క వేసేవాడు. వయసు అరవై దాటింది. కొడుకు కొత్తూరు దగ్గర కంపెనీలో షిఫ్టులు చేసేవాడు. మనవరాలు హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేది. ఇంటి పట్టున ఉండేది ఆయన, ఆయన భార్య, ఒక పాడి బర్రె.

దసరా వెళ్ళిన వారానికి, మడికి నీళ్ళు మళ్ళిస్తూ మళ్ళిస్తూ ఆయన బురదలో కూలబడ్డాడు. పక్క చేను మనిషి ఉరికొచ్చి లేపేసరికి సోయి వచ్చేసింది. "ఏమో, కండ్లు చీకటయినయ్, అంతే" అని పార భుజాన వేసుకున్నాడు. భార్య ఊరుకోలేదు. మరునాడే షాద్‌నగర్ సర్కారు దవాఖానకు తోలింది. అక్కడ బీపీ చూశారు, షుగర్ చూశారు, ఈసీజీ తీశారు. పైసా తీసుకోలేదు. కాగితం మీద గీతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఈసీజీ గుండెను చూసేది పది సెకన్లు. ఆ పది సెకన్లు ఆయన గుండె నిమ్మళంగా కొట్టుకుంది.

పదిహేను రోజులకు మళ్ళీ పడ్డాడు. ఈసారి ఊరి ఆరెంపీ ఒక చీటీ రాసిచ్చి పట్నంలో ఫలానా చోటికి పొమ్మన్నాడు. వాళ్ళు ఛాతీ మీద వెంట్రుకలు గీకి, బిళ్ళలంటించి, వాటి తీగలను అరచేతంత పెట్టెకు కలిపి నడుముకు కట్టారు. ఇరవై నాలుగు గంటలు విప్పవద్దు, స్నానం చేయవద్దు, పెట్టె తడవవద్దు, పాడైతే మీదే బాధ్యత అన్నారు. మూడు వేలు కట్టించుకున్నారు. దడ వచ్చినప్పుడు టైము రాయమని ఒక కాగితం కూడా ఇచ్చారు. ఆ కాగితం ఇంగ్లిషులో ఉంది. ఆయనకు తెలుగు కూడా సంతకం మేరకే వచ్చు.

పెట్టెకు ఏమన్నా అయితే ఎన్ని వేలు అడుగుతారోనని ఆయన ఆ రోజంతా మంచం దిగలేదు. చేను వైపు పోలేదు. బర్రె దగ్గరికి కూడా పోలేదు. కూర్చున్న చోటుకే అన్నం తెప్పించుకుని తిన్నాడు. మరునాడు విప్పించుకోవడానికి పోయాడు, ఆ తరువాత రిపోర్టు కోసం ఇంకోసారి పోయాడు. కట్టించుకోవడానికి ఒక పయనం, విప్పించుకోవడానికి ఒకటి, కాగితం తెచ్చుకోవడానికి ఒకటి. రిపోర్టులో అంతా నార్మల్. గ్యాసు గోళీలు రాసిచ్చారు.

కార్తీకంలో ఇంకోసారి పడ్డప్పుడు బోరు మోటారు డబ్బా అంచు తగిలి కనుబొమ చిట్లింది. కొడుకు భయపడి, డ్యూటీ నాగా పెట్టి, హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. పాత రిపోర్టు చూపిస్తే పక్కన పెట్టారు. మా దగ్గర తీసిందే మేము చూస్తాం అన్నారు. మళ్ళీ అదే పెట్టె, మళ్ళీ ఇరవై నాలుగు గంటలు. ఈసారి నాలుగున్నర వేలు. దాంతోపాటు ఎకో, రక్త పరీక్షలు, కన్సల్టేషను. విప్పేది రేపు కదా, ఊరికి పోయి రావడం ఎందుకని తండ్రీకొడుకులు శంషాబాద్‌లో చుట్టాలింట్లో పడుకున్నారు. కొత్త చోట, మంచం మీద, కదలకుండా. రిపోర్టు నార్మల్.

"నాకేం రోగం లేదని రెండు దవాఖానలు చెప్పినయ్. ఇగ నన్ను తిప్పకుండ్రి" అన్నాడాయన. పత్తి అమ్మిన పైసలు అయిపోయాయి. మక్కకు యూరియా తేవడానికి కొడుకు దగ్గర చేయి చాచాల్సి వచ్చింది. పెద్దమనిషికి అది గుండె దడ కన్న ఎక్కువ బాధ.

సంక్రాంతి నెలలో మక్క కంకి పట్టే వేళకు అడవి పందులు దిగాయి. ఏ రాత్రి వస్తాయో తెలియదు. వచ్చిన రాత్రి అరెకరం తొక్కి పోతాయి. ఆయన చేను నడుమ మంచె వేసుకుని, రేకు డబ్బా, టార్చిలైటు పెట్టుకుని రాత్రిళ్ళు అక్కడే పడుకున్నాడు. నెలలో పందులు వచ్చింది రెండు రాత్రులే. కానీ ఆయన నెలంతా కాచాడు. ఒక తెల్లవారుజామున మంచె దిగుతూ నిచ్చెన మీద సోయి తప్పి కింద పడ్డాడు. గడ్డి మోపులు ఉండబట్టి బతికాడు.

అప్పుడు భార్య బయలుదేరింది. అంతకుముందు ఆమె వెంట పోకపోవడానికి కారణం బర్రె. పాలు పిండే మనిషి లేరు. ఇప్పుడు పండుగ సెలవులకు వచ్చిన మనవరాలు ఇంట్లో ఉంది. బస్సులో ఆమెకు ఎట్లాగూ జీరో టికెట్టే, ఆధార్ కార్డు కొంగుకు ముడేసుకుంది. అఫ్జల్‌గంజ్ బస్సెక్కి, అడుగుతూ అడుగుతూ ఒక డాక్టరమ్మ దగ్గరికి చేరారు.

డాక్టరమ్మ రెండు రిపోర్టులూ తిరగేసింది. పక్కన పెట్టలేదు, రెండూ చదివింది. "పెద్దాయనా, ఇట్ల ఎన్ని దినాలకొకసారి అయితది?" అని అడిగింది.

"రోజు అయితది మేడం" అన్నాడాయన. ఎప్పుడో ఒకసారి అంటే పట్టించుకోరేమోనని భయం.

"అబద్ధం చెప్పకు" అంది భార్య. "డాక్టరమ్మా, దసరా నుంచి సంకురాత్రి దాక ఏడు మాట్లు అయింది. పాల లెక్క గీసే గోడకే పక్కన బొగ్గుతోని గీసి పెట్టిన. నాలుగు చేన్ల అయినయ్, రెండు బాయి కాడ, ఒకటి మంచె మీదికెళ్ళి. ఇంట్ల కూసున్నప్పుడు ఒక్కపారి గూడ కాలే."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "రెండు పరీక్షలూ మంచం మీద పడుకుని చేయించుకున్నాడా?"

"ఔ. పెట్టె ఖరాబయితదని కాలు కింద పెట్టలే."

డాక్టరమ్మ వేళ్ళ మీద లెక్కగట్టింది. దాదాపు నూరు రోజులలో ఏడు సార్లు. అంటే రెండు వారాలకు ఒకటి. ఒక్క రోజు పెట్టె కడితే దొరికే అవకాశం పద్నాలుగింటికి ఒకటి, అదీ చేనుకు పోతేనే. "ఛాతీకి అంటించే పట్టీ ఒకటి ఉంది, రెండు వారాలు ఉంచుకోవచ్చు. కానీ పది వేలు అయితయి" అంది, చెప్పడానికి తనకే కష్టంగా ఉన్నట్టు.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. "పది వేలా! మూడు వేలదే దండుగ అయింది. పోదాం పాయే."

ఆమె లేవలేదు. "పందికి నెల దినాలు మంచె మీద పండుకుంటివి. ఒక్క రాత్రి కావలి కాసి, రాలేదు, మన చేనుకు పందే లేదని ఇంటికొస్తివా? గుండెకు ఒక్కొక్క దినం కావలి పెట్టి రెండు మాట్లు పైసలు పోగొట్టుకుంటిమి. ఏడున్నర వేలు. అవి ముందే దీనికి పెడితే ఇంక రెండున్నర వేలే తక్కువ. కూసో."

ఆయన కూర్చున్నాడు. పైసలు కొడుకు ఫోనులో పంపాడు.

పట్టీ అంటించేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది ఒక్కటే. రోజూ చేసే పనులన్నీ చేయాలి, దడ వచ్చినా కండ్లు తిరిగినా పట్టీ మీద గుండీ నొక్కాలి, మంచె మాత్రం ఎక్కొద్దు. కావలికి కొడుకు సెలవు పెట్టి వచ్చాడు. మనవరాలు నోటుబుక్కులో రోజుకొక పేజీ గీసి గోడ గడియారం పక్కన వేలాడదీసింది. తాత నీళ్ళు కట్టడం, గడ్డి కోయడం, బాయి దగ్గరికి పోవడం అన్నీ టైముతో రాసింది. చెమటకు పట్టీ అంచు లేస్తే ఫోను చేసి అడిగి, వాళ్ళు చెప్పినట్టు అతికించింది.

పది రోజులు ఏమీ లేదు. పదకొండో రోజు పొద్దున, పాల క్యాను ఎత్తుతూ ఆయన గోడ పట్టుకుని జారాడు. పడుతూనే చేయి ఛాతీ మీదికి పోయింది. మనవరాలు రాసింది: 6 గంటల 40 నిమిషాలు.

రికార్డులో ఆ నిమిషం దగ్గర గీత అయిదు సెకన్లకు పైగా సాపుగా ఉంది. గుండె అంతసేపు కొట్టుకోలేదు. పేస్‌మేకరు పెట్టాలన్నారు. రేషన్ కార్డు మీద ఆరోగ్యశ్రీలో అయింది, పైసా కట్టలేదు. మక్క కోతకు ఆయన చేనులో ఉన్నాడు. గోడ మీద ఎనిమిదో గీత తరువాత ఇంకో గీత పడలేదు.

నీతి

గుండె లయ పరీక్షలో రోగి కొనుక్కునేది కావలి రోజులను. కాబట్టి "ఎంత?" అని అడిగే ముందు రెండు సంగతులు తేలాలి: నా బాధ ఎన్నాళ్ళకొకసారి వస్తున్నది, ఈ పెట్టె ఎన్నాళ్ళు చూస్తుంది. ఈ రెండూ పొసగకపోతే మూడు వేల పరీక్ష పది వేల పరీక్ష కన్న ఖరీదైనది. పైసలు పోవడం ఒక నష్టం. చేతిలో పెట్టిన నార్మల్ కాగితం అంతకన్న పెద్ద నష్టం. ఆ రోజు జబ్బు రాలేదని మాత్రమే చెప్పే కాగితాన్ని రోగి తనకు జబ్బే లేదని చదువుకుంటాడు. కథలోని పెద్దాయన ఆ కాగితాల ధైర్యంతోనే మంచె ఎక్కాడు.

రోజూ దడ వచ్చేవారికి ఆ ఒక్కరోజు పెట్టె, అంటే హోల్టర్, బంగారం లాంటి పరీక్ష. ఒక పగలు, ఒక రాత్రిలో గుండె లక్ష సార్లకు అటూ ఇటూగా కొట్టుకుంటుంది. అన్నిటినీ అది పట్టుకుంటుంది. వారానికోసారి, పక్షానికోసారి వచ్చేవారికి వారం, రెండు వారాలు చూసేది కావాలి. ఏడాదిలో రెండు మూడు సార్లే సోయి తప్పుతుంటే చర్మం కింద పెట్టే చిన్న రికార్డరు ఉంది, అది మూడేళ్ళు, ఆ పైన కూడా కాస్తుంది. ఎక్కువ రోజులు కాస్తే నిజంగా తేడా ఉంటుందా అని అనుమానించేవారికి కెనడాలో చేసిన ఒక పరిశోధన జవాబు చెబుతుంది. కారణం తెలియని పక్షవాతం వచ్చిన 572 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఇరవై నాలుగు గంటల హోల్టర్, ఇంకో జట్టుకు ముప్పై రోజుల దాకా ఛాతీకి బెల్టు రికార్డరు కట్టి చూశారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పే జబ్బు మొదటి జట్టులో నూటికి ముగ్గురిలో దొరికితే, రెండో జట్టులో నూటికి పదహారు మందిలో దొరికింది. 2014లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఒక్కరోజు పెట్టెతో ఇంటికి పంపితే అంతమంది జబ్బు తెలియకుండానే రెండో పక్షవాతం దాకా పోయే ప్రమాదం ఉండేది.

ఈ పరీక్షకు పేరు ఇచ్చినవాడు అమెరికాలో మోంటానా రాష్ట్రం హెలెనా పట్టణానికి చెందిన నార్మన్ హోల్టర్. 1949 నాటి ఆయన పరికరం దాదాపు 38 కిలోలు ఉండేది, వీపున మోయాలి. ఆయన కోరిక ఒక్కటే: బల్ల మీద పడుకున్న మనిషి గుండెను గాక, నడుస్తూ, పని చేస్తూ, బతుకుతున్న మనిషి గుండెను రాసుకోవాలని. 1961లో సైన్స్ పత్రికలో ఆ పద్ధతిని ప్రకటించే నాటికి పెట్టె చిన్నదైంది. అంత బరువును అంత చిన్నది చేసింది మనిషి మంచం దిగి తిరగాలనే. మన దగ్గర మాత్రం పెట్టె కట్టేవారు "పైలం, పాడైతే పైసలు కట్టాలి" అని బెదిరించి రోగిని మళ్ళీ మంచానికే కట్టేస్తున్నారు. నాకు ఇది ధర కన్న ఎక్కువ కోపం తెప్పిస్తుంది. కట్టేటప్పుడు అయిదు నిమిషాలు తెలుగులో చెప్పడానికి ఖర్చేమీ లేదు. రోజూ చేసే పని చేయండి, బాధ వచ్చిన టైము రాయండి, రాయడం రాకపోతే ఇంట్లో పిల్లలతో రాయించండి. రాసిన టైము లేకపోతే, రికార్డులో ఏదైనా కనబడినా అది రోగి పడ్డ బాధకు కారణమో కాదో డాక్టరు గట్టిగా చెప్పలేరు.

ఇక పైసల సంగతి. బిళ్ళలకు, బ్యాటరీకి అయ్యేది కొంచెమే. పెట్టె ఒకరి తరువాత ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. మిగతాది ఆ లక్ష కొట్టుళ్ళను కూర్చుని చదివే మనిషి కష్టానికి, ఆపైన దవాఖాన అద్దెకు, లాభానికి, కొన్నిచోట్ల చీటీ రాసినవాడి వాటాకు. ఆ చివరిది రోగి ఎందుకు కట్టాలో ఎవరూ చెప్పలేరు. ధర ఎంత కదిలే వస్తువో అమెరికా చూపించింది. అక్కడ రెండు వారాల పట్టీకి పెద్దవాళ్ళ ప్రభుత్వ బీమా మెడికేర్ 300 డాలర్లకు పైగా ఇచ్చేది. 2021 జనవరిలో మెడికేర్ తరఫున రేటు కట్టే ఒక సంస్థ దాన్ని 50 డాలర్లలోపుకు దించింది. పట్టీ తయారుచేసే కంపెనీ మొత్తుకుంది. కొద్ది నెలల్లోనే రేటు మళ్ళీ 100 దాటింది, తరువాతి ఏళ్ళలో 200 కూడా దాటింది. పట్టీ అదే, గుండె అదే. బేరమాడే బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టి అంకె మారింది. షాద్‌నగర్ నుంచి పొద్దున బస్సెక్కి పోయే రైతు తరఫున ఆ బల్ల దగ్గర కూర్చున్నవారు లేరు. అతడు కౌంటరు ముందు ఒంటరిగా నిలబడి, చెప్పినంతా కడతాడు.

అయినా అడగడానికి హక్కు ఉంది. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం 2010లో వచ్చింది, తెలంగాణ దాన్ని స్వీకరించింది. 2012 నాటి నియమాల ప్రకారం ప్రతి దవాఖానా తన రేట్లను స్థానిక భాషలోనూ ఇంగ్లిషులోనూ అందరికీ కనబడే చోట పెట్టాలి. కట్టక ముందే అడగండి: విప్పడానికి ఏమన్నా అదనమా, చదవడానికి వేరే ఫీజా, బిళ్ళ ఊడిపోయి రికార్డు చెడితే మళ్ళీ ఊరికే కడతారా. రిపోర్టుతో పాటు గీతల కాగితాలు కూడా ఇప్పించుకోండి. రెండో డాక్టరు పాతదాన్ని పక్కన పెట్టబోతే, ఏం తక్కువైందో చెప్పమనండి. ఆరోగ్యశ్రీ దవాఖాన అయితే ముందు ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి పోయి, జబ్బు అనుమానం ఇదీ, ఈ పరీక్ష పథకంలో అవుతుందా అని అడిగిన తరువాతే జేబులో చేయి పెట్టండి. నడుస్తుండగా సోయి తప్పినా, ఛాతీ నొప్పితో కలిసి తప్పినా, సోయి తప్పినవారి ఇంట్లో చిన్న వయసులో ఎవరన్నా హఠాత్తుగా పోయి ఉన్నా, పరీక్షల ధరలు పోల్చుకుంటూ కూర్చోవద్దు. 108కి ఫోను చేయండి.

ఆరోగ్యశ్రీ మొట్టమొదట 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైంది. అందులో మహబూబ్‌నగర్ ఒకటి. షాద్‌నగర్ అప్పుడు ఆ జిల్లాలోదే, 2016లో రంగారెడ్డికి వచ్చింది. వలస పోయి బతికే పాలమూరు మనిషి గుండె ఆపరేషనుకు పొలం అమ్ముకోవద్దని మొదలైన పథకం అది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం దాని పరిమితిని ఏడాదికి కుటుంబానికి పది లక్షలకు పెంచింది. పెద్ద చికిత్సకు తలుపు తెరుచుకుంది. ఆ తలుపు దాకా తీసుకుపోయే చిన్న పరీక్షల దగ్గరే మనుషులు ఆగిపోతున్నారు. మూడు వేలు, నాలుగున్నర వేలు, రెండు రోజుల కూలి, మూడు పయనాల బస్సు చార్జీ. అక్కడే నార్మల్ కాగితం పట్టుకుని వెనక్కి తిరిగినవారి పేరు ఏ పథకం లెక్కలోకీ రాదు.

దారి మాత్రం ఇక్కడే ఉంది. తెలంగాణ డయాగ్నస్టిక్స్ అనే సర్కారు పథకం కింద ఇవ్వాళ పల్లె నుంచి రక్తం సీసాల్లో బయలుదేరి, బండిలో హబ్ ల్యాబుకు పోయి, ఫలితం రోగి ఫోనుకు వస్తున్నది, ఊరికే. రక్తానికి చల్లటి డబ్బా కావాలి, డ్రైవరు కావాలి, సమయానికి చేరాలి. గుండె రికార్డుకు ఇవేవీ అక్కరలేదు, అది ఒక ఫైలు. షాద్‌నగర్ సర్కారు దవాఖానలో పది రికార్డర్లు పెడితే, కట్టడానికి, విప్పడానికి ఇప్పుడు ఈసీజీ తీస్తున్న సిబ్బంది చాలు. చదవడానికి నిమ్స్‌లోనో ఉస్మానియాలోనో గుండె డాక్టర్లు ఉన్నారు. ఏ రోగికి ఒక రోజు, ఎవరికి రెండు వారాలు అన్నది తేల్చడానికి ముందు ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తతో అడిగించాలి: దసరా నుంచి ఇప్పటిదాకా ఎన్ని మాట్లు పడ్డడు, ఎక్కడ పడ్డడు, ఏం చేస్తుండె.